గేటు డ్రైవరు

లారీలు నడిపేవాళ్ల ఇంట్లో పుట్టినా నాకు లారీ నడపడం సరిగ్గా రాదు. లైసెన్సు మాత్రం ఉండేది. మా తమ్ముడికి నడపడం బాగా వచ్చు, లైసెన్సు లేదు. డెబ్భైల్లో ఒక ఎండాకాలం మా ఇద్దర్నీ కలిపి ఒక డ్రైవరు కింద జమకట్టి, మామిడికాయల లోడుతో నాగపూరు పంపించారు.

ఈ పరిస్థితికి మూలం మా నాన్న ముందుచూపు. ఆయన తిరువూరులో ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. నన్ను బళ్లో వేసిన రోజు ఆయన ఎక్కడో బండి మీద ఉన్నాడు. అమ్మ తీసుకెళ్లి, పంతులుగారు అడిగితే పుట్టిన ఏడు ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాన్న తిరిగొచ్చాక ఆ సంగతి తెలిసి చాలా నొచ్చుకున్నాడు. బళ్లో వేసేటప్పుడు పిల్లల వయసు ఒకటి రెండేళ్లు తగ్గించి రాయించడం అప్పట్లో అందరూ చేసే పనే. రేపు సర్కారు ఉద్యోగం వస్తే ఆ రెండేళ్లూ చివర్లో కలిసొస్తాయని ఆశ. పిల్లాడు పలక పట్టకముందే వాడి రిటైర్మెంటు గురించి ఆలోచించేవాళ్లు. నా విషయంలో జరిగిన పొరపాటు మళ్లీ జరక్కూడదని, తమ్ముడి వంతు వచ్చినప్పుడు నాన్న రెండు రోజులు బండెక్కకుండా ఆగి, తనే బడికి వెళ్లి రెండేళ్లు తగ్గించి రాయించాడు. అలా తమ్ముడు తన తరగతిలో అందరికంటే తలెత్తు పొడుగ్గా ఉండి, చివరి బల్ల మీద కూర్చుని చదువుకున్నాడు. అసలు చదువుకోలేదనే అనాలి. వాడి కళ్లు ఎప్పుడూ కిటికీలోంచి రోడ్డు మీదే ఉండేవి.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. నాన్న పక్కన కూర్చుని బండి నేర్చుకున్నాడు. వాడికి నిజంగా ఇరవై నిండే నాటికి నాన్న రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను చేయిస్తే ఒక కన్ను సగం సగంగా కుదిరింది, రెండోది కుదరనేలేదు. ఆఫీసువాళ్లు ఆయన లైసెన్సు మళ్లీ పొడిగించలేదు. అప్పటికి నేను ఒక దినపత్రికకి ఊరి వార్తలు రాస్తున్నాను. కవరు బస్సులో వేసి బెజవాడ పంపించడం, అచ్చయిన నాలుగు ముక్కల కోసం మర్నాడు పేపరు ఏజెంటు దగ్గర నిలబడడం, అదీ నా ఉద్యోగం. ఇల్లు గడవాలంటే తమ్ముడు బండెక్కక తప్పదు.

లైసెన్సు ఆఫీసు వాళ్లు బడి సర్టిఫికెట్టు అడిగారు. అందులో వాడికి పద్దెనిమిది. లారీ లాంటి బరువు బండికి ఇరవై నిండాలని చట్టం. నాన్న హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాడు. పుట్టిన తేదీ మార్చడం తన చేతుల్లో లేదనీ, కోర్టుకి వెళ్లాలనీ ఆయన చెప్పాడు. కోర్టుకి వెళితే అసలు ఆ తేదీ ఎవరు రాయించారన్న ప్రశ్న వస్తుంది. నాన్న జిల్లా ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, అక్కడి గుమాస్తా ఒకాయన జాలిపడి, అర్జీ పెట్టుకుంటే ఏదో దారి చూస్తానన్నాడు. చూస్తానంటూనే ఒక మాట అన్నాడు.

"ఈలోగా మీవాడి మీద ఏ కేసూ పడకుండా చూసుకోండి సాయెబుగారూ. ఒక్క కేసు పడిందంటే ఇక నేను చేసేది ఏమీ ఉండదు."

ఆ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. వాడు బండి మీద ఉన్నన్ని రోజులూ అమ్మ వీధి తలుపు పూర్తిగా మూసేది కాదు.

విస్సన్నపేట, గంపలగూడెం, రెడ్డిగూడెం తోటల నుంచి బెజవాడ దాకా వాడు నడుపుతూనే ఉండేవాడు. దారిలో తనిఖీ గేట్ల దగ్గర ఉండేవాళ్లకి నాన్న తెలుసు. "వయసెంతరా నీకు?" అని ఎవరైనా అడిగితే, "ఇంట్లోదా సార్, బళ్లోదా?" అనేవాడు వాడు. వాళ్లు నవ్వి పొమ్మనేవాళ్లు. ఆ నవ్వు మన రాష్ట్రం పొలిమేర దాకానే పనికొస్తుందని అందరికీ తెలుసు. అందుకే వాడు అంతవరకు పొలిమేర దాటలేదు.

లారీ యజమాని రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్న రైతు. నాన్నా ఆయనా ఒకర్నొకరు బావా అనుకునేవాళ్లు. పై రాష్ట్రాలకి పర్మిట్లు తేలిగ్గా దొరకడం అప్పుడే మొదలైంది. ఆయన ఒకటి తెచ్చుకుని, నాగపూరు బజారుకి కాయ పంపడం మొదలుపెట్టాడు. ఆ ఎండాకాలం మూడో లోడు బుట్టలకెక్కిన రోజునే ఆయన పెద్ద డ్రైవరుకి పచ్చకామెర్లు వచ్చాయి. కోసిన బంగినపల్లి కాయ గడ్డిలో పెట్టాక ఎవరి కోసమూ ఆగదు. ఆయన మధ్యాహ్నం ఎండలో మా ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, నాన్న వైపు కాకుండా నా వైపు చూశాడు.

నా లైసెన్సు సంగతి ఆయనకి గుర్తుంది. నాకు ఇరవై నిండగానే నాన్న పట్టుబట్టి ఇప్పించిన లైసెన్సు అది. ఖాళీ లారీని మైదానంలో రెండు చుట్లు తిప్పి సంపాదించాను. ఆ తర్వాత స్టీరింగు పట్టుకోలేదు.

ఆయన ఆలోచన కొత్తదేమీ కాదు. ముందు గేటు ఉందనగా ఒక ఫర్లాంగు ఇవతల బండి ఆపుతారు. కాగితం ఉన్నవాడు స్టీరింగు ముందుకొచ్చి కూర్చుంటాడు. గేటు దాటి మలుపు తిరిగాక మళ్లీ ఎవరి చోటు వారిది. ఆ పనికోసమే బండెక్కే పాత డ్రైవర్లు ఉండేవాళ్లు. నడుం పడిపోయినవాళ్లు, చేతులు వణికేవాళ్లు, లైసెన్సు గడువు మాత్రం మిగిలినవాళ్లు. వాళ్లని గేటు డ్రైవర్లనేవాళ్లు. నేను ఇరవై మూడేళ్ల గేటు డ్రైవర్ని కావాలి.

నాకు కుదరదని చెప్పాను. ప్రమాదాల వార్తలు రాసేవాణ్ణి నేను. అతివేగం, అజాగ్రత్త, డ్రైవరు పరారీ, ఆ మూడు మాటలూ నా పెన్నుకి అలవాటైపోయాయి. వాటి వెనక రోడ్డు మీద ఏముంటుందో చూసి వచ్చి మరీ రాసేవాణ్ణి. తమ్ముడే గోడకి ఆనుకుని నిలబడి, "అన్న రాకపోతే నేనొక్కణ్ణే వెళ్తా మామా" అన్నాడు. వాడు వెళతాడని నాకు తెలుసు. వాడొక్కడే వెళితే దొరుకుతాడనీ తెలుసు. వస్తానన్నాను.

అమ్మ మా ఇద్దరి కుడి జబ్బలకీ చిన్న గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి కట్టింది. దూరం వెళ్లేవాళ్లకి మా ఇళ్లలో కట్టేదే. తమ్ముడికి కట్టేటప్పుడు ఆమె చెయ్యి అలవాటుగా పని చేసింది. నాకు కట్టేటప్పుడు ముడి రెండుసార్లు విప్పి వేసింది. నేను ఎటూ వెళ్తున్నాను కాబట్టి యజమాని క్లీనరుని తోటలో పనికి ఉంచేసుకున్నాడు. బండిలో మేమిద్దరమే.

హైదరాబాదు దాటేవరకు రెండు గేట్లు వచ్చాయి. చదునైన రోడ్డు, పలచగా బళ్లు. తమ్ముడు దిగి ఇటు వచ్చేవాడు, నేను అటు జరిగేవాణ్ణి. మొదటి గేరులోనే బండిని పాకించుకుంటూ వెళ్లి, కాగితాలు చూపించి, అలాగే పాకించుకుంటూ బయటపడేవాణ్ణి. వాడు అద్దంలోంచి వెనక్కి చూస్తూ, "పెళ్లి ఊరేగింపు బాగా నడిపావన్నా, బాజాలే తక్కువ" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. చొక్కా వీపుకి అంటుకుపోయేది.

వాడు నడుపుతుంటే మాత్రం చూడముచ్చటగా ఉండేది. నిర్మల్ ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను మూలుగు విని, నాకేమీ తేడా తెలియకముందే గేరు మార్చేసేవాడు. బుట్టలు కదిలిన చప్పుడు కూడా వచ్చేది కాదు. ఆ చేతులకి చట్టం రెండేళ్లు ఆగమని చెబుతోంది. నా చేతులకి మూడేళ్ల కిందటే సరేనంది. ఘాటు దిగాక ఈ మాట వాడితో అంటే, పేపర్లో రాయకు, నాన్న పేరు వస్తుందన్నాడు.

రెండో రోజు మూడు గంటలవేళ ఆదిలాబాదు దాటి పెన్‌గంగ చేరాం. ఏరు దాటితే మహారాష్ట్ర. వాళ్ల గేటు వంతెన దిగగానే ఉంటుందని పెద్ద డ్రైవరు చెప్పి పంపాడు. అవతల గట్టెక్కాక మారదామనుకున్నాం. తీరా చూస్తే లారీల వరస గేటు నుంచి వంతెన మీదికి, వంతెన నుంచి ఇవతలి గట్టు దాకా సాగి ఉంది. ఖాకీ బట్టల మనిషి ఒకాయన బళ్ల పక్కనుంచి మా వైపే నడిచి వస్తున్నాడు. మారితే ఇప్పుడే, ఇక్కడే మారాలి.

అలా వంతెన మొత్తం నా పాలబడింది.

బళ్లు పది గజాలు జరిగేవి, ఆగేవి. జరిగినప్పుడల్లా నేను క్లచ్చి వదలాలి, ఆగినప్పుడల్లా తొక్కాలి. పక్కన తమ్ముడు ముందుకి చూస్తూనే పెదవులు కదపకుండా చెబుతున్నాడు. మెల్లగా వదులు. ఇంకా మెల్లగా. ఇప్పుడు ఆక్సిలేటరు. వంతెన మధ్యదాకా ఎలాగో తీసుకెళ్లాను. ఆ చివర రోడ్డు కాస్త ఎత్తుగా ఉంది. ఆ ఎత్తు మీద మా ముందు బండి ఆగింది. నేనూ ఆపాను. మళ్లీ కదలమన్నప్పుడు క్లచ్చి ఒక్కసారిగా వదిలేశాను. ఇంజను దడదడలాడి ఆగిపోయింది.

బండి వెనక్కి దొర్లడం మొదలైంది. లోడు బండి ఎంత నిదానంగా కదిలినా దాని బరువు నడుముకి తెలుస్తుంది. బ్రేకు మీద కాలు వేశాననే అనుకున్నాను. వేసింది క్లచ్చి మీద. కుడివైపు అద్దంలో మా వెనక లారీ కనిపించింది. దానికీ మాకూ మధ్య ఆ బండి మనిషి ఒకడు వంగి టైరు చూసుకుంటున్నాడు. నాకు అరవడం కూడా చేతకాలేదు.

తమ్ముడు ఒక చేత్తో చేతి బ్రేకు లాగి, నా కాలి మీదుగా తన కాలు బ్రేకు మీద వేశాడు. బండి నిలబడింది. టైరు చూసుకుంటున్నవాడు నిటారుగా లేచి, మా బండి వెనక చెక్కని అరచేత్తో రెండుసార్లు కొట్టి పక్కకి తప్పుకున్నాడు. తమ్ముడు నన్ను ఎడమ వైపుకి లాగి, సీటులో కూర్చుని, ఇంజను పెట్టి, ఎత్తు మీదికి బండిని పట్టు జారనివ్వకుండా తీసుకెళ్లి, గేటు ముందు చదునులో ఆపాడు. అప్పుడు గానీ చూడలేదు, ఖాకీ ఆయన మా కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు.

యాభై దాటిన మనిషి. కోపం ఉన్నట్టు లేదు. హిందీలో అడిగాడు, బండి ఎవరిదని కాదు, ఎవరు నడుపుతున్నారని. మా ఇంటి ఉర్దూతో నేనే జవాబిచ్చాను. నేనే నడుపుతున్నాను, కాలు పట్టేసి తమ్ముడు ఒక్క క్షణం సాయం వచ్చాడన్నాను. లైసెన్సు చూపించాను. ఆయన దాన్నీ నన్నూ చూసి, అయితే బండిని రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు దాకా వెనక్కి నడిపి చూపించమన్నాడు. షెడ్డు ముందు బెంచీ మీద నలుగురు టీ తాగుతున్నారు.

నేను సీటులోకి జరగబోయాను. తమ్ముడు లేవలేదు.

"వద్దన్నా" అని నాతో తెలుగులో అని, ఆయన వైపు తిరిగి, వచ్చీరాని హిందీలో, బండి తనే నడుపుతున్నాననీ, తిరువూరు నుంచీ తనేననీ, మా అన్నకి రాదనీ చెప్పేశాడు.

షెడ్డులో బల్ల ముందు నిలబెట్టి ఆయన కాగితం తీశాడు. వయసు దగ్గర కలం ఆగింది. తమ్ముడు నిజం చెప్పాడు, ఇంట్లో ఇరవై, బళ్లో పద్దెనిమిది. ఆయనకి అది కొత్త కాదులా ఉంది, తలూపాడు. తర్వాత ఓపిగ్గా వివరించాడు. ఇరవై అని రాస్తే లైసెన్సు లేని కేసు ఒక్కటే. పద్దెనిమిది అని రాస్తే దానికి వయసు కేసు కూడా తోడవుతుంది. కానీ ఇరవై అని రాసి సంతకం పెడితే బడి కాగితం తప్పని నువ్వే ఒప్పుకున్నట్టు. అది రాయించినవాణ్ణి మీ జిల్లాలో పిలిచి అడిగితే అడగవచ్చు. ఏది రాయమంటావు?

నేను ఇరవై రాయించమని తమ్ముడి మోచెయ్యి గిల్లాను. గుమాస్తా చెప్పిన మాట నా చెవుల్లో ఉంది. కేసు ఎలాగూ పడింది, చిన్నదన్నా అవుతుందని నా ఆశ. వాడు నా వైపు చూడలేదు.

"నాన్నకి కళ్లు కూడా లేవు. ఆయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతారా?" అన్నాడు తెలుగులో. తర్వాత హిందీలో ఆయనతో, బడి కాగితంలో ఉన్నదే రాయమన్నాడు.

వేలిముద్ర అక్కర్లేదు, సంతకం వచ్చని చెప్పి, చివరి బల్ల మీద నేర్చుకున్న అక్షరాలతో సంతకం పెట్టాడు. జరిమానా కట్టాం. కాయ పాడవుతుందని ఆయన బండిని ఆపలేదు. నడపడం మాత్రం లైసెన్సున్నవాడే నడపాలనీ, ఈ కుర్రాడి చెయ్యి స్టీరింగు మీద మళ్లీ కనిపిస్తే బండి అక్కడే వదిలిపెట్టాల్సిందేననీ చెప్పాడు.

అక్కణ్ణుంచి నాగపూరు వంద మైళ్ల పైచిలుకు. ఆ దూరాన్ని నేను ఒకటిన్నర రోజు నడిపాను. తమ్ముడు ఎడమ వైపు కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నోటితో బండి నడిపించాడు. ఎదురుగా బస్సు వస్తే వాడి కుడికాలు ఖాళీ నేలని తొక్కేది. ఎద్దుబళ్లు మమ్మల్ని దాటిపోయాయంటే అతిశయోక్తి కాదు. మధ్యాహ్నం వేడికి వెనకనుంచి పండిన వాసన రావడం మొదలైంది. మామిడిపండు వాసనకి భయపడడం జీవితంలో ఆ ఒక్కసారే. బజారు చేరి బుట్టలు విప్పితే పైవరసలు మెత్తబడి గడ్డికి అంటుకున్నాయి. అడుగువి బతికాయి. దలాలు పెదవి విరిచి, మిగతా కాయ దించుకున్నాడు.

తిరుగు దారిలో పెన్‌గంగ దాటి మన వైపు వచ్చాక బండి ఆపి, పక్కకి జరిగాను. ఖాళీ బండి, తెలిసిన రోడ్డు. వాడు కదల్లేదు.

"ఇక్కడ ఎవరు చూస్తారురా?"

"సంతకం పెట్టాను కదన్నా. నువ్వే పోనీ."

ఆ కాగితం తర్వాత కొన్నాళ్లకి మా జిల్లా ఆఫీసుకి చేరింది. జాలిపడ్డ గుమాస్తా అర్జీని తిరిగి ఇచ్చేశాడు. తమ్ముడికి లైసెన్సు చేతికొచ్చేసరికి బడి లెక్కలో ఇరవై ఒకటి, ఇంటి లెక్కలో ఇరవై మూడు. ఆ మధ్య కాలమంతా వాడు బెజవాడలో ఒక షెడ్డులో ఇతరుల బళ్ల ఇంజన్లు విప్పాడు. అదంతా జరగబోతోందని ఆ రోజు మాకు తెలియదు. తెలియదని కూడా అనలేను. నిర్మల్ ఘాటు దిగేటప్పుడు నా గేరు కిర్రుమన్నా వాడు ఒక్క మాట అనలేదు. అంతవరకు వేళాకోళం చేసినవాడు నోరు మూసుకునేసరికి, వాడు ఏదో తేల్చుకున్నాడని నాకు అర్థమైంది.

మైలవరం, కొండూరు దాటి సాయంత్రం నాలుగింటికి తిరువూరు పొలిమేరకి వచ్చాం. రైసుమిల్లు ఇవతల వాడు ఆపమన్నాడు. డోరు తీసి దిగి, లుంగీ దులుపుకుని, దస్తీ తలకి చుట్టుకున్నాడు.

"ఊళ్లోకి నువ్వు తీసుకెళ్లు. నేను నడిచొస్తా."

ఎందుకని అడగబోయి ఆగాను. బజారంతా వాణ్ణి స్టీరింగు వెనకే చూసింది. ఎడమ సీటులో చూడడం వాడికి ఇష్టం లేదు. చేల గట్టుమీద వాడు అడ్డదారి పట్టేదాకా చూసి, బండి కదిలించాను.

యజమాని కాయల షెడ్డు బస్టాండుకి అవతల. నాన్న ఎప్పుడు వచ్చాడో, షెడ్డు ముందు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మలుపులో నేను రెండో గేరు వేశాను. గేరు పళ్లు రుద్దుకుని పడింది. ఆయనకి బండి రంగు తప్ప ఏమీ కనిపించదు. అయినా ఆ చప్పుడుకి ఆయన మొహం మారడం నాకు సీటులోంచి కనిపించింది. బండి ఆగకముందే అడుగు ముందుకి వేశాడు.

"నడిపేది వాడు కాదు. వాడేడిరా?" అన్నాడు.

ఇంజను ఆపి, దిగి, ఆయన భుజం పట్టుకున్నాను. బాగానే ఉన్నాడని, నడిచి వస్తున్నాడని చెప్పాను. దెబ్బలేమీ తగల్లేదని మళ్లీ మళ్లీ చెప్పాను. ఆయన కాసేపు నా చెయ్యి తడుముతూ నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"దొరికాడన్నమాట. ఎంత రాశార్రా వయసు?"

పద్దెనిమిదని చెప్పాను. కర్ర తడుముకుంటూ, తమ్ముడు ఏ దారిన వస్తున్నాడో చెప్పమని, ఆ వైపు నడిచాడు.